గంగ ఒడ్డున ఒక దినము

అమెరికా దేశపు పశ్చిమతీరమున వాషింగ్టను రాష్ట్రములో చాల యేండ్లుగ నివసించుచున్న మా బాల్యమిత్రుడొకడు మొన్నటి మార్గశిర మాసమున నిర్మలకు వచ్చెను. మేము నలుగురము ఒకే బడిలో చదివినవారము. ఒకరు ఉపాధ్యాయులైరి, ఒకరు వైద్యులైరి. ఈ వ్యాసము వ్రాయు మాకు పాత పుస్తకముల దుమ్ము దులుపుట తప్ప వేరు విద్య అబ్బలేదు. వచ్చిన మిత్రుడు కుశలప్రశ్నలు ముగియకమునుపే పెట్టెలోనుండి నాలుగు ముక్కలుగ విడదీసిన గాలపు కర్ర నొకదానిని తీసి ముందుంచి, "గంగకు పోదము పదండి" అనెను. మా ప్రాంతమున గోదావరిని గోదావరి యనువారు అరుదు. అది గంగయే.

ఆయనకు అక్కడ అలవడిన వ్యసనము స్టీల్‌హెడ్ అను చేపను వేటాడుట. ఉక్కుతల యని ఆ పేరునకు అర్థము. అది చల్లని కొండయేటిలో పుట్టి, పెరిగి, సముద్రమునకు దిగిపోవును. అక్కడ కొన్నియేండ్లు తిరిగి, బలిసి, మరల తాను పుట్టిన యేటినే వెదకికొని ఎదురెక్కి వచ్చి గ్రుడ్లు పెట్టును. నీలగిరి చెరువులలో ఆంగ్లేయులు తెచ్చి విడిచిన రెయిన్‌బో ట్రౌట్ చేపయు ఇదియు ఒకే జాతివి. ఏటిలోనే నిలిచిపోయినది ట్రౌటు, సముద్రము చూచి వచ్చినది స్టీల్‌హెడ్డు. శీతకాలపు తెల్లవారుజామున నడుములోతు నీటిలో నిలిచి, దినమంతయు గాలము విసరి, ఒక్క చేపయైన తగులక ఇంటికి పోవుట అక్కడివారికి అవమానము కాదట. మిత్రులతో గడపిన దినమే లాభమట.

ఇంత చెప్పి ఆయన మమ్ము ప్రశ్న యడిగెను. "మనవారికి చేప యనిన కూడు, లేదా జీవనము. వల తెలియును, మావు తెలియును. గాలమును వినోదముగ పట్టినవారు మన దేశములో ఎన్నడైన ఉండిరా? ఇది తెల్లవారి చేతినుండి వచ్చిన సరదా కాదా?" ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే ఆ ఆదివారము మేము గంగ ఒడ్డునకు పోతిమి.

తెల్లవారకమునుపే నిర్మల విడిచి ఖానాపురము మీదుగ బాదనకుర్తి చేరితిమి. ఆదిలాబాదు జిల్లాను 2016 అక్టోబరులో నాలుగు జిల్లాలుగ విభజించినపుడు ఈ గ్రామము నిర్మల జిల్లాలో చేరినది. ఇక్కడ గంగ రెండు పాయలై ఊరిని ఒడిలో పెట్టుకొని ప్రవహించును. ఆవలి ఒడ్డు జగిత్యాల జిల్లా, అనగా పూర్వపు కరీంనగరు. పొగమంచు నీటిపై చాపవలె పరచియుండెను. మత్స్యకారుల సంఘము వారి అనుమతి ముందుగనే పొందియుంటిమి. గంగపుత్ర కులపు వృద్ధుడొకడు మాకు తోడు వచ్చెను. ఆయనను మేము తాతా యని పిలిచితిమి. ఆయన మమ్ము సారూ యనెను. అమెరికా మిత్రుని మాత్రము "బిడ్డా" యనెను. అతని తండ్రిని ఆయన ఎరుగునట.

ఆ నాలుగు ముక్కల కర్రను బిగించి, చక్రము తగిలించి, కంటికి కనబడనంత సన్నని దారము దూర్చుట తాత శ్రద్ధగా చూచి, "మస్తుగున్నది గని బిడ్డా, ఈ నీళ్ల సంగతి దానికేమెరుక?" అనెను. తరువాత నీటివైపు తిరిగి, "కొత్తనీరు వచ్చినప్పుడు చేప ఎదురెక్కుతది. గప్పుడు రావాలె. ఇప్పుడు గంగ పండుకున్నది" అనెను.

ఎదురెక్కుట! పసిఫిక్ తీరపు చేపకును మా గంగలోని చేపకును ఒకే మాట సరిపోయినందుకు మిత్రుడు సంతసించెను. తొలకరి వరదలో పెద్దచేపలు ప్రవాహమునకు ఎదురుగ ఈది, గ్రుడ్లు పెట్టుటకు అనువైన తావులు చేరుట మన నదులన్నిటిలోను ఉన్నదే. సముద్రమునుండి ఎదురెక్కు చేప గోదావరిలో పులస. బంగాళాఖాతమునుండి వరదకాలమున అది తీపినీటికి వచ్చును. కాని దాని ప్రయాణము ఇంతదూరము కాదు. అది తూర్పు గోదావరి వారి భాగ్యము.

వానపాములు గ్రుచ్చిన గాలములు నీట పడినవి. బెండు నిశ్చలముగ తేలుచుండెను. అప్పుడు మేము మా సమాధానము మొదలు పెట్టితిమి.

పన్నెండవ శతాబ్దిలో ఈ నేలను కల్యాణి చాళుక్యులు ఏలిరి. వారి రాజధాని కల్యాణము నేటి కర్ణాటకలోని బసవకల్యాణము. 1948 వరకు అదియు మనతోపాటు హైదరాబాదు సంస్థానములోనిదే. ఓరుగల్లు కాకతీయులు, పొలవాస దొరలు ఆ చాళుక్యులకు సామంతులుగ ఉండిన కాలమది. ఆరవ విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు 1126లో సింహాసన మెక్కెను. యుద్ధములలో తండ్రియంత ఘనత పొందలేదు గాని, విద్యలో సర్వజ్ఞుడని పేరు పొందెను. ఆయన సంస్కృతమున మానసోల్లాసమను గ్రంథము రచించెను. దానికే అభిలషితార్థచింతామణి యని నామాంతరము. ఐదు వింశతులు, నూరు అధ్యాయములు. రాజ్యమును పొందుట, నిలుపుకొనుట మొదలు వంటకములు, సంగీతము, చిత్రలేఖనము, ఏనుగులు, గుఱ్ఱములు - రాజునకు కావలసినది ఏదియు అందులో విడువబడలేదు. నాలుగవ వింశతి వినోదములకు చెందినది. అందులో మత్స్యవినోదమను అధ్యాయ మొకటి కలదు.

మిత్రుడు బెండును విడిచి మావైపు చూచెను.

మత్స్యవినోదమనగా చేపలు పట్టు వినోదమే. వంటయింటి సంగతి కాదు. సముద్రపు చేపలను, నదీమత్స్యములను వేరుపరచి ముప్పదియైదు జాతుల వరకు అందు వర్ణించెను. ఏ చేప యెట్టి తావున తిరుగును, దానికి ఏ మేత ఇష్టము, ఆ మేత నెట్లు సిద్ధపరచి నీట వేసి చేపలను మచ్చిక చేయవలెను, గాలపు కర్ర, దారము, ముల్లు ఎట్లుండవలెను, తగిలిన చేప నెట్లు అలయించి ఒడ్డునకు తేవలెను - ఇవియన్నియు ఒక చక్రవర్తి కూర్చుండి వ్రాసినాడు. ఎరవేసి, ఓర్చి, ఆడించి పట్టువాడే వీటిని వ్రాయగలడు. వినికిడిచేత వ్రాయుటకు వీలులేని సూక్ష్మములు అందు కలవు.

ఈ గ్రంథము బరోడానుండి గైక్వాడు ప్రాచ్య గ్రంథమాలలో అచ్చైనది. మొదటి సంపుటము 1925లో, రెండవది 1939లో వెలువడినవి. అయినను సంస్కృత పండితులు చేపల అధ్యాయమును పెద్దగా పట్టించుకొనలేదు. చేపలు తెలిసినవారు సంస్కృతము చదువలేదు. భారత జంతుశాస్త్ర పరిశోధన సంస్థకు అధ్యక్షుడుగ ఉండిన సుందరలాల్ హోరా ఆ చేపల పేర్లను నేటి శాస్త్రనామములతో సరిపోల్చి 1951లో వ్యాసము ప్రకటించిన తరువాతనే ఆ అధ్యాయము విలువ లోకమునకు తెలిసినది. హోరా గారు జీవితమంతయు కొండయేళ్ల చేపలను పరిశీలించినవారు. అట్టివాని చేతికి అట్టి అధ్యాయము చిక్కుట మన అదృష్టమని మా అభిప్రాయము.

ఇంగ్లండులో గాలపు వేటపై మొదట అచ్చైన గ్రంథము 1496లో వెలువడినది. ఐజాక్ వాల్టను వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము 1653 నాటిది. అంతకు మూడున్నర శతాబ్దులకు పైగా ముందే సోమేశ్వరుడు గాలము పట్టెనని వినగానే ఉపాధ్యాయమిత్రుడు తొడ చరచెను. అంత ఉత్సాహము తగదని ఆయనతో మనవి చేసితిమి. మానసోల్లాసమునకు దాదాపు వేయియేండ్లకు ముందే గ్రీకుభాషలో ఒప్పియను చేపల వేటపై కావ్యము రచించెను. మాసిడోనియాలో ఉన్నితోను ఈకలతోను ఈగను అల్లి ముంటికి కట్టి చేపలు పట్టుదురని ఏలియను వ్రాసెను. కనుక లోకమున మనమే మొదటివారమని చెప్పుకొనుట సాగదు. తెల్లవారి చేతినుండి వచ్చిన సరదాయా యను ప్రశ్నకు మాత్రము కాదని నిస్సంశయముగ చెప్పవచ్చును.

ఈలోపల ఎండ వచ్చెను, మంచు విడిచెను. వైద్యమిత్రుని గాలమునకు అంగుళము పరక యొకటి తగిలెను. దానిని నీట విడిచిపెట్టిరి. తాత నవ్వి, తన విసురువల దులిపికొని పాయ మలుపువైపు పోయెను.

మేము కూర్చున్న తావు సామాన్యమైనది కాదు. బౌద్ధుల సుత్తనిపాతములో గోదావరీతీరమున అస్సకుల దేశమందు బావరి యను వృద్ధబ్రాహ్మణుడు ఆశ్రమము కట్టికొని ఉండెననియు, తన పదునారుగురు శిష్యులను బుద్ధుని కడకు పంపెననియు ఉన్నది. ఆ ఆశ్రమము ఈ బాదనకుర్తి లంకయే యని కొందరు చరిత్రకారుల తలంపు. ఇక్కడనుండి గంగవెంట దిగువకు పోయిన ధర్మపురి, దానికి దిగువ పెద్దవాగు కలియుచోట కోటిలింగాల. 1979 మొదలు 1983 వరకు జరిగిన త్రవ్వకములలోను, అంతకుముందు ఒడ్డున దొరికినవానిలోను శాతవాహన సిముకుని నాణెములు, అతనికంటె ముందువారగు గోబద, నారన మొదలగువారి నాణెములు బయటపడినవి. ఆ ఊరి మట్టికోటకు ఒక ప్రక్క గంగ, ఒక ప్రక్క వాగు. ఇప్పుడు ఎల్లంపల్లి జలాశయపు నీరు ఆ దిబ్బల అంచులవరకు వచ్చి, కొంతమేర ముంచివేసినది. రెండువేల యేండ్లు మట్టి దాచినదానిని నీరు తీసికొనుచున్నది.

ఆంగ్లేయుల సంగతికి వత్తము. బొంబాయి ప్రభుత్వమునకు గణాంకాధికారిగ ఉండిన కర్నల్ సైక్స్ దక్కను నదుల చేపలను పరిశీలించి 1839లో వాటి వర్ణనలు లండనులో ప్రకటించెను. మహాసీరు జాతిలో మన దక్కనుకు చెందినదానికి ఖుద్రీ యను పేరును ఆయన మరాఠీ జాలరుల నోటినుండియే గ్రహించెను. గోదావరీ వ్యవస్థలోను ఉండు ఈ చేపకు అరచేతివంటి పొలుసులు, బంగారుచాయ, మందమైన పెదవులు. వేగముగ పారు నీరు, రాతిమడుగులు దాని నివాసము. మద్రాసు సివిలు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేటపై గ్రంథము వ్రాసి, తగిలిన మహాసీరు తమ దేశపు సాల్మను కంటె గట్టిగ పోరాడునని తీర్పు చెప్పెను. మా మిత్రుడు దీనిని అంగీకరింపలేదు. ఉక్కుతలతో పోల్చిచూచిన తరువాతనే తన తీర్పు చెప్పుదుననెను.

ఆ రాతిమడుగులకు మరియొక చరిత్ర కలదు. ధవళేశ్వరము ఆనకట్టను 1847లో మొదలిడి 1852 నాటికి ముగించిన ఆర్థర్ కాటన్, అంతటితో ఆగక, సముద్రమునుండి గోదావరి, ప్రాణహిత, వార్ధా నదులమీదుగ నాగపురపు పత్తిని పడవలలో తేవలెనని తలచెను. దారిలో మూడు రాతి అడ్డులు ఎదురాయెను. మొదటిది దుమ్ముగూడెము, రెండవది ఇంచంపల్లి, మూడవది ప్రాణహితపై దేవలమర్రి. కాళేశ్వరమునకు ఎదుటియొడ్డగు సిరొంచ 1860లో నిజామునుండి ఆంగ్లేయులకు సంక్రమించినది. కెప్టెన్ హేగ్ అను ఇంజనీరు పర్యవేక్షణలో రాళ్లు పగులగొట్టి, కాలువలు, లాకులు కట్టిరి. అడవిజ్వరములు, కూలీల కొరత, పెరిగిపోవు ఖర్చు - ఇన్నిటిమధ్య ఈలోగా రైలు వచ్చి పత్తిని బొంబాయివైపు లాగికొని పోయెను. 1871లో పని మానివేసిరి. పడవల పాలిటి శత్రువులైన ఆ రాళ్లే చేపలకు ఇండ్లు. వేసవిలో నది సన్నగిల్లినపుడు పెద్దచేపలు దాగునది ఆ బండల క్రింది మడుగులలోనే. ఇంజనీరు ఓడినచోట చేప గెలిచినదని వైద్యమిత్రుడు చమత్కరించెను.

చేపల తరఫున ఆ కాలముననే మాటలాడిన ఆంగ్లేయు డొకడు కలడు. ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరలై, 1873లో ప్రభుత్వమునకు నివేదిక నిచ్చుచు, ఎదురెక్కు చేపలకు దారి విడువని ఆనకట్టలు వాటి వంశమునకు చేటని హెచ్చరించెను. 1897లో వచ్చిన భారత మత్స్యచట్టము నీటిలో మందుగుండు పేల్చుటను, విషము కలుపుటను నిషేధించినది. ఆ చట్టము సిరొంచ ఒడ్డున చెల్లెను. ఈవలి ఒడ్డు నిజాము రాజ్యము. నడుమ ఈదు చేపకు ఈ భేదము తెలియదు గదా!

విషమనగానే గిరిజనులను నిందించుట కొందరికి అలవాటు. మన గోండు, కోలాము గూడెములవారు వేసవిలో వాగులు ఎండి గుంటలైనపుడు మంగకాయవంటివి దంచి ఆ నీట కలిపి, మత్తుగొని తేలిన చేపలను ఏరుకొనుట నిజమే. అది ఊరంతయు కలిసి, ఏటి కొకమారు, ఎట్లును ఎండిపోవు నీటిలో చేయు పని. మార్లవాయిలో నివసించి 1948లో ఆదిలాబాదు రాజగోండులపై గ్రంథము ప్రకటించిన హైమెండార్ఫు వంటివారు వ్రాసినది చదివిన, అడవితోను నీటితోను వారి జీవితమునకు గల కట్టుబాట్లు తెలియును. నదీప్రవాహములో తోటా పేల్చి పిల్లచేపలతోసహా చంపుటకును దీనికిని సామ్యము లేదు. ఆ తోటాలు గూడెములలో తయారైనవి కావు.

హైదరాబాదు సంస్థానపు చేపలను క్రమముగ లెక్కించిన గౌరవము రహీముల్లా గారికి దక్కవలెను. 1940 దశకమున ఆయన సంస్థానములోని చేపలపై చేసిన పరిశీలనలు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వెలువడినవి. మనకు పొరుగైన నిజామాబాదు చేపలపై మహమూదు గారితో కలిసి వ్రాసిన భాగము 1947 నాటిది. పోచంపాడు కట్టకు పూర్వపు నీటిలో ఏమేమి ఉండినవో తెలిసికొన గోరువారికి అది నేడొక దస్తావేజు.

పోచంపాడు మాట వచ్చినది గనుక ఆనకట్టల సంగతి చెప్పకతప్పదు. మా కడెము నదిపై కట్టిన ఆనకట్ట పూర్తియైన కొలదికాలమునకే, 1958 ఆగస్టులో, వరదనీరు కట్టపై 46 సెంటీమీటర్ల ఎత్తున పొర్లి, ఎడమవైపున 137 మీటర్ల వెడల్పున గండి పడినది. మరల కట్టిరి. 2022 జూలై వరదలో అది తిరిగి పొర్లుటకు సిద్ధమై, క్రింది ఊళ్లవారిని రాత్రికి రాత్రి లేపినది. పోచంపాడునకు నెహ్రూ గారు 1963 జూలై 26న శంకుస్థాపన చేసిరి. దిగువన ఎల్లంపల్లి, సుందిళ్ల, అన్నారము, మేడిగడ్డ వరుసగా వచ్చినవి. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బారేజి పియర్లు 2023 అక్టోబరులో క్రుంగినవి. ఈ కట్టల నీరు తాగి పండిన వరి అన్నము తినుచున్న మేము వాటిని నిందింపము. కరువునాటి ఆదిలాబాదును, కరీంనగరును ఎరిగినవా రెవ్వరును నిందింపరు. కాని లెక్కలో చేపను వ్రాయలేదన్నది కూడ సత్యమే.

మిత్రుడు తన దేశపు సంగతి చెప్పెను. కొలంబియా నదిపై 1938 నాటి బోన్‌విల్ ఆనకట్టకు చేపలు ఎక్కుటకు మెట్లు కట్టిరి. అదే నదిపై 1942లో ముగిసిన గ్రాండ్ కూలీ ఆనకట్టకు కట్టలేదు. దానికి ఎగువనున్న వందలమైళ్ల నీటికి ఉక్కుతల రాక అంతటితో నిలిచిపోయినది. చేపనే నమ్ముకొన్న అక్కడి ఆదివాసి జనములు ఆనాడు సంతాపసభ జరిపికొనిరట. ఇటీవల ఎల్వా అను చిన్ననదిపైనున్న రెండు ఆనకట్టలను 2011 మొదలు 2014 వరకు కూల్చివేసిరి. చేపలు మరల ఎగువకు వచ్చినవి. వాటిని తాను కన్నులార చూచితినని ఆయన చెప్పుచుండగా గొంతు కొంచెము మారెను. మేము కూల్చుటను గూర్చి మాటలాడలేదు. మన నదికి ఆ ఉపమానము ఎంతవరకు వర్తించునో మాకు సందేహమే.

మధ్యాహ్నము తాత రెండు రవ్వలతోను, ఒక వాలుగతోను తిరిగి వచ్చెను. ఒడ్డుననే మూడు రాళ్లు పెట్టి, ఉప్పు, కారము, చింతపులుసు పోసి వండెను. జొన్నరొట్టెలు మావెంట ఉన్నవి. మానసోల్లాసములో అన్నభోగమను అధ్యాయమున చేపల వంటకములును కలవని మేము చెప్పబోతిమి గాని వినువారు లేరు.

సాయంకాలము నాలుగు గంటల వేళ మిత్రుని కర్ర ఒక్కసారిగ విల్లువలె వంగెను. చక్రము గిరగిర తిరిగి దారము నడిపాయలోని బండలవైపు పరుగెత్తెను. ఆయన మోకాళ్లలోతు నీటిలోనికి దిగి, వెనుకకు లాగుచు, వదలుచు, పావుగంటసేపు దానితో పోరాడెను. సోమేశ్వరుడు వ్రాసిన అలయించుట యనునది ఇదియే యని మేము ఒడ్డుననుండి కేకలు వేసితిమి. ఒకసారి వెడల్పైన వీపు నీటిపై తళుక్కుమని మునిగెను. ఏ జాతి చేపయో ఎవరికిని నిశ్చయము కలుగలేదు. తరువాత దారము సడలెను. బండ అంచున తెగిపోయినది.

"మహాసీరేనా, తాతా?" అని మిత్రుడు ఆశగా అడిగెను.

"ఏమో బిడ్డా. నా చిన్నప్పుడు మా అయ్య గసొంటిది ఒకటి తెచ్చిండు, పళ్లెమంత పొలుసు. మళ్ల నేను సూడలే" అని, తాత వల పిండుచు, "ఆషాఢంల రా. కొత్తనీరు దిగినంక సూపెడ్త" అనెను.

ఆషాఢములో తనకు సెలవు దొరకదని మిత్రుడు చెప్పెను.

"అయితే చేపనే మార్గశిరానికి రమ్మని చెప్త తియ్యి" అని తాత వల భుజాన వేసికొని ఊరివైపు నడిచెను.